ఓబులేసన్న కట్టిన దారాలు

డోన్ బస్టాండు కంట్రోలరు ఓబులేసన్న ఇక లేడన్న వార్తను ఈ ఊరికి మొదట చెప్పవలసిన దుర్గతి నాకే పట్టింది. వార్త అశనిపాతం వంటిది కావడం ఒక ఎత్తు, దాన్ని చెప్పే నోరు నాది కావడం ఇంకో ఎత్తు. ఏళ్ళ తరబడి బస్టాండు మైకులో బస్సుల రాకపోకలు ప్రకటిస్తూ, బస్సు రాని వేళల్లో ప్రయాణికులకు విసుగు పుట్టకుండా నాలుగు కోతలు కోసిన నోరు ఇది. ఆ ఉదయం అదే మైకులో "మన ఓబులేసన్న తెల్లారుజామున కాలం చేసినాడు" అని చెబితే, టీ అంగడి ముందున్నవాళ్ళు తలెత్తి నవ్వారు. "ఏమప్పా మైకూ, పొద్దున్నే ఇంకో కథ దొరకలేదా నీకు" అన్నాడొకాయన. రెండోసారి చెప్పబోతే నాకు గొంతు పెగల్లేదు. అప్పుడు వాళ్ళు లేచి నిలబడ్డారు. అబద్ధం చెప్పేటప్పుడు నా గొంతు తడబడదని ఊరందరికీ తెలుసు.

మనిషి మాత్రం నిర్విచారంగా వెళ్ళిపోయాడు. ఆ భాగ్యం అందరికీ దొరకదు. వేకువన అరుగు మీద కూర్చుని, ఒళ్ళో నూలు పోగుల చిలప వేసుకుని, కాఫీలో చక్కెర తక్కువైందని గొణిగాడట. "చక్కెర తెస్తాండా అని లోపలికి పోయినా. వచ్చేసరికి నిద్రపోయినట్ల ఉండాడు" అని ఆయన ఇల్లాలు లక్ష్మీదేవమ్మ వచ్చినవారికల్లా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆమె ముఖంలో దుఃఖంతోపాటు ఒక ఊరట కనిపించింది. నొప్పి లేదు, ఆసుపత్రి లేదు, ఒకరి మీద ఆధారపడటం లేదు.

దుఃఖాన్ని వెన్నంటి ఒక చిక్కు వచ్చింది. ఓబులేసన్నది మగ్గాల ఇల్లు. ఆ ఇంట పోయినవారిని పొద్దు గుంకేలోపల మట్టికి అప్పగించాలి. మీద కప్పే గుడ్డ సొంతవాళ్ళ మగ్గం మీద నేసినదై ఉండాలి. ఈ రెండు ఆనవాయితీలనూ వాళ్ళ ముత్తాతల నాటి నుంచి ఎవరూ దాటలేదు. డోన్‌లోని మగ్గం ఏనాడో విప్పి అటక ఎక్కించారు. ఆ వంశంలో ఇప్పుడు నేసే చెయ్యి ఒక్కటే, రాజంపేటలో ఉన్న ఆయన అక్క సుంకులమ్మది. తల్లి పోయాక తమ్ముణ్ణి మగ్గం గుంట పక్కనే పడుకోబెట్టుకుని, ఒక కాలితో తొక్కుడు కర్ర తొక్కుతూ ఇంకో కాలితో ఉయ్యాల ఊపి పెంచిన అక్క. కబురు చెబితే ఆమె ఏడవలేదట. "నేను వచ్చేదాకా ఉంచండి. గుడ్డ నా దగ్గర ఉండాది" అని, మనవడు కారు మాట్లాడి తెచ్చేలోగానే మూట పట్టుకుని రైలెక్కేసింది. ఆమె దగ్గర ఫోను లేదు. బస్సు ఎక్కితే కళ్ళు తిరిగే మనిషి కనుక ఆమె నమ్మేది రైలునే. ఆ రైలేమో డోన్ దాకా రాదు. నడుమ దారి మూసి ఉంది. ఆ మూసిన దారిని దాటించే ఏర్పాటు మొత్తం, ఆ ఉదయం చాప మీద పడుకుని ఉన్న మనిషి చేతిమీదుగా నడిచేది.

ఆ ఏర్పాటేమిటో తెలియనివారి కోసం చెప్పాలి. బేతంచెర్లకూ డోన్‌కూ నడుమ వాగు మీది పాత వంతెనను విప్పి కట్టడానికి కొన్ని నెలల పాటు రైలుదారి మూశారు. అటు రైళ్ళు బేతంచెర్లలో, ఇటు రైళ్ళు డోన్‌లో ఆగిపోయేవి. నడుమ దూరం బస్సులో. రైలు టికెట్టు ఉన్నవాడు బస్సులో మళ్ళీ దుడ్లు ఇవ్వనక్కరలేదని, ఎంతమంది ఎక్కితే అంతకు రైలువాళ్ళే డిపోకు కట్టుకుంటారని ఇద్దరు అధికారులూ ఒప్పుకున్నారు. ఒప్పందం సలక్షణంగానే ఉంది. బస్సు గుమ్మం దగ్గరే అది చిక్కుబడింది. కొందరి టికెట్టు ఫోన్లో, కొందరిది చెమటకు తడిసిన కాగితం మీద. కండక్టరు కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కొక్కటీ చదివేసరికి, ఊరివాళ్ళు కిటికీల్లోంచి తువ్వాళ్ళు విసిరి సీట్లన్నీ పట్టేసేవారు. తువ్వాలు పడిన సీటులో ఇంకొకరు కూర్చోవడం మన సీమలో జరిగే పని కాదు. రైలు దిగినవాళ్ళు పిల్లలతో, మూటలతో ఎండలో మిగిలిపోయేవారు. బేతంచెర్ల ఎండ ఎటువంటిదంటే, నాపరాయి మీద వాలిన కాకి భరతనాట్యం నేర్చుకుని మరీ ఎగిరిపోతుంది.

అప్పుడు స్టేషన్ మాస్టరూ డిపో మేనేజరూ కలిసి, ఉద్యోగ విరమణ చేసి ఇంట్లో కూర్చున్న ఓబులేసన్నను పిలిపించారు. ఉద్యోగకాలంలో ఆయన ఇద్దరితోనూ సమానంగా పోట్లాడినవాడు కనుక, ఒకరి పక్షం వహిస్తాడన్న అనుమానం ఇద్దరికీ లేదు.

ఆయన సద్గుణాలను కీర్తించే ముందు దోషాలను చెప్పడం న్యాయం. బస్సు అద్దం కనబడితే మీసం దువ్వుకోకుండా దాటేవాడు కాడు. ఎంత మంచి టీ ఇచ్చినా వంక పెట్టేవాడు. మెల్లగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. నా మైకు చెడిపోయిన ఒకనాడు డోన్‌లో నిలబడి ఆయన పెట్టిన కేకకు గుత్తి బస్టాండులో జనం సామాన్లు సర్దుకున్నారు. ఈ ముక్క కల్పితమని ఆయన బతికుండగా ఎన్నోసార్లు ఖండించాడు. ఖండించిన కేకలూ గుత్తికి వినబడే ఉంటాయి.

మొదట ఆయన పన్నిన ఉపాయం రబ్బరు ముద్ర. స్టేషను గేటులో టికెట్టు ఒకసారి చూసి, మణికట్టు మీద ఊదారంగు ముద్ర వేయడం. రాకపోకలకు కలిపి టికెట్టు కొన్నవారికి ఒకే ముద్ర రెండు వైపులా చెల్లుతుందని స్వయంగా హామీ ఇచ్చాడు. సోమవారం వచ్చింది. మహానందికి వెళ్ళిన భక్తులు ఆ నిర్మలజలంలో మూడేసి మునకలు వేసి, పాపాలతోపాటు ముద్రలను కూడా కడుక్కుని తిరిగి వచ్చారు. బేతంచెర్లలో బస్సు మీద ఉన్న కండక్టరు రమీజా వాళ్ళను ఎక్కనివ్వలేదు. రమీజా పత్తికొండ వైపు మనిషి. పని మీద ఎంత నిష్ఠో నాలుక అంత పదును. "నీళ్ళలో పోయిన ముద్రకు నన్ను పూచీ పడమంటాడా మీ సారు" అని అడిగింది. ఒక ముసలమ్మ అంతకన్నా సూటిగా, "మునిగేటప్పుడు చెయ్యి పైకెత్తి మునగాల్నా తల్లీ" అని అడిగింది. ఓబులేసన్న ఫోన్లో తప్పు తనదేనని ఒప్పుకుని అందరినీ ఎక్కించాడు. ఆ సాయంత్రం బస్టాండులో రమీజా ఆయన్ని చూసి, "ఈసారి పచ్చబొట్టు పొడిపిచ్చు సార్, నీళ్ళకు పోదు" అంది. ఆయన మీసం దువ్వుకోవడం మరిచి ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు నూలుతో వచ్చాడు. అక్క ఏనాడో పంపిన మిగులు పోగులు, అద్దకం వేసినవి, ఇంట్లో మూటలుగా ఉన్నాయి. వాటిని జానెడు దారాలుగా పేని, గేటులో టికెట్టు చూసిన ప్రతి చేతికీ ఒకటి కట్టించాడు. రోజుకొక రంగు. తెల్లవారి మొదటి బస్సులో ఒక కట్ట బేతంచెర్ల స్టేషనుకు వెళ్ళేది, అక్కడి పోర్టరు అటునుంచి వచ్చేవారికి కట్టేవాడు. రైలువాళ్ళు ఎన్ని దారాలు కట్టారో, కండక్టర్లు ఎన్ని చేతులు చూశారో సాయంత్రం సరిపోల్చుకుంటే తగువు లేదు. దారాన్ని హిందువులు కంకణమన్నారు, సాయిబులు తాయెత్తన్నారు. చర్చికి వెళ్ళేవాళ్ళు "ఇది పూజదారం కాదు గదా" అని అడిగి, "కాదప్పా, టికెట్టు" అనిపించుకుని కట్టించుకున్నారు. మహానందిలో ఎన్ని మునకలు వేసినా దారం చెక్కుచెదరలేదు. చేతికి కట్టిన దారాన్ని విప్పి పారేయడానికి ఎవరికీ మనసొప్పదు కనుక, రోజూ తిరిగే ఒక నాపరాళ్ళ వ్యాపారికి అవి మోచేతి దాకా వచ్చాయి. ఇదే సంగతిని నేను మైకులో భుజం దాకా అని చెప్పి ఉన్నాను. సంస్మరణ వ్యాసం కనుక తగ్గించి రాస్తున్నాను.

కొందరు కుర్రకారు పూసల అంగట్లో రంగుదారాలు కొని చేతికి చుట్టుకుని ఎక్కబోయారు. ఆ పప్పు ఉడకలేదు. మరుసటి రోజు రంగేమిటో ఓబులేసన్న తన ఇల్లాలికి కూడా చెప్పేవాడు కాడు. పైగా ఆయన నేర్పిన ముడి, మగ్గం మీద తెగిన పోగును అతికే నేతగాళ్ళ ముడి. చూడటానికి ముడి ఉన్నట్టే ఉండదు. ఆ ముడి తన చేతికి పట్టుబడేదాకా బేతంచెర్ల పోర్టరు సొంత వేళ్ళను ఎన్నిసార్లు కట్టుకున్నాడో ఆయన్నే అడగాలి.

ఏర్పాటు మొదలైన కొత్తలో సుంకులమ్మ తమ్ముణ్ణి చూడటానికి వచ్చి వెళ్ళింది. వెళ్ళేనాడు ఓబులేసన్న ఆమె చేతికి అద్దకం వేయని తెల్లదారం కట్టి, రమీజాను పిలిచి చూపించాడు. "సూడమ్మా, ఈ దారం ఏ పొద్దయినా చెల్లుతాది. లోకంలో ఒక్కరికే" అన్నాడు. "సొంత అక్కకు పాసు రాసిచ్చుకుంటివా సార్" అని రమీజా ఊరుకోలేదు. ఆయన నవ్వి, అక్క టికెట్టు తీసి రమీజా చేతిలో పెట్టాడు. కట్టిన దారం ముచ్చటకే.

ఇవన్నీ ఉపాయాలు. ఆయన స్వభావం తెలియాలంటే బస్సు కదిలే వేళ చూడాలి. డ్రైవరు ఇంజను వేయగానే ఓబులేసన్న ముందుకు వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి స్టీరింగు మీద వేసేవాడు. సీటు మీద తువ్వాలుకు ఎంత మర్యాదో స్టీరింగు మీద తువ్వాలుకూ అంత మర్యాద అయింది. అది తీసేదాకా బండి కదలదు. తీసే ముందు ఒకే ప్రశ్న: "దిగినోళ్ళంతా ఎక్కినారా?" రైలు దిగినవాళ్ళందరూ ఎక్కారని కండక్టరు జవాబు చెప్పాలి. ఒకనాడు ఒక ముసలాయన బజ్జీలు తింటూ రాలేదు. బస్సంతా తిట్లు. ఓబులేసన్న నిదానంగా, "ఆయప్ప బజ్జీలు తింటాండాడు, మీరు గాలి తింటాండారు, ఎవురికేం నష్టం" అన్నాడు. ఈ ఆలస్యాలు రమీజాకు గిట్టేవి కావు. సమయానికి బండి తీయని కంట్రోలరును తన సర్వీసులో చూడలేదని ఆయన ముఖం మీదే అనేది. "టైముకు పోయిన బండి మంచిదే తల్లీ. మిగిలిపోయినోడికి మళ్ళ ఎవురు టైము ఇస్తారు?" అనేవాడు ఆయన. ఆ నెలలన్నిటిలోనూ వంతెనకు ఇటు గాని అటు గాని ఒక్క ప్రయాణికుడు మిగిలిపోలేదు.

ఇక ఆ రోజు. మొదటి బస్సు దారాల కట్ట లేకుండానే బేతంచెర్లకు పోయింది. ఆ రోజు రంగు ఏదో తెలిసిన మనిషి లేడు. ఒళ్ళో ఉన్న చిలపలో అన్ని రంగులూ కలిసి ఉన్నాయి. దారాలు లేవు కనుక లెక్క తేలదు. రైలు దిగినవాళ్ళందరూ ఆ రోజుకు బస్సు టికెట్టు కొనాల్సిందేనని, బండ్లు సమయానికి బయలుదేరాల్సిందేనని డిపో నుంచి ఆజ్ఞ వచ్చింది. మేనేజరును నేను తప్పుపట్టను, ఆయన స్థానంలో ఎవరైనా అదే చెబుతారు. కాని సుంకులమ్మ ఎక్కిన రైలు ఆలస్యంగా నడుస్తోందని మధ్యాహ్నానికి తెలిసింది. ఆమెకు దొరకగల చివరి బస్సు మీద కండక్టరు ఎవరంటే రమీజా. ఆ మాట విని లక్ష్మీదేవమ్మ నా ముఖం చూసింది. సమయం దాటితే రమీజా బండి నిలపదని ఇద్దరికీ తెలుసు.

వల్లకాటిలో గుంట సిద్ధమైంది. ఓబులేసన్నను అక్కడికి చేర్చి, చుట్టూ కూర్చున్నాం. పొద్దు రాళ్ళగుట్ట మీదికి వాలింది. కులపెద్ద మాటిమాటికీ కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడమటికి చూస్తున్నాడు. ఎవరో అంగడి గుడ్డ ఒకటి తెచ్చి సిద్ధంగా పెట్టారు. లక్ష్మీదేవమ్మ దాన్ని ముట్టుకోలేదు. "ఇంక ఎంతసేపమ్మా, పొద్దు మన మాట వింటాదా" అన్నాడు పెద్దాయన. ఆమె నా వైపు తిరిగింది. "ఏమప్పా మైకూ, బస్సు రానప్పుడు నువ్వు ఏం చేస్తావో అది చెయ్యి" అంది.

బస్సు రానప్పుడు నేను చేసేది ఒక్కటే. లేచి నిలబడి ఓబులేసన్న కథలు మొదలుపెట్టాను. గుత్తికి వినబడిన కేక చెప్పాను. మహానందిలో కడిగేసుకున్న ముద్రలు చెప్పాను. నాపరాళ్ళ వ్యాపారి దారాలను ఈసారి భుజం దాటించి మెడకు కూడా చుట్టాను. శవం ముందు నవ్వవచ్చునో లేదో తెలియక జనం మొదట తలలు దించుకున్నారు. ముసలమ్మ చెయ్యెత్తి మునగాల్నా అని అడిగిన చోట కులపెద్దే పక్కున నవ్వి, నవ్వినందుకు సిగ్గుపడి, పొద్దు వైపు చూడటం మరిచిపోయాడు. పైకి నవ్విస్తూనే ఉన్నాను గాని నా కథల మూట అడుగు కనబడుతోంది.

అదే సమయంలో బేతంచెర్లలో జరిగింది రమీజా తర్వాత చెప్పగా విన్నాను. రైలు ఇంకా రాలేదు. బయలుదేరవలసిన వేళ దాటింది. డ్రైవరు ఇంజను వేశాడు. రమీజా తన భుజాన ఉన్న తువ్వాలు తీసి స్టీరింగు మీద వేసింది. డ్రైవరు ఆమెను వింతగా చూసి ఇంజను ఆపాడు. చాలాసేపటికి రైలు వచ్చింది. ఊరివాళ్ళూ రైలువాళ్ళూ ఒక్కసారిగా గుమ్మం మీద పడ్డారు. ఎవరు టికెట్టు ఉన్నవారో, ఎవరు కారో చెప్పే దారం లేదు. ఆమె గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఈ పొద్దు దారం లేదు. దారం కట్టే సారు తెల్లారుజామున పోయినాడు. రైలు దిగినోళ్ళు ఎక్కండి. ఊరోళ్ళు టికెట్టు తీసుకోండి. నేను ఎవురి చేతులూ సూడను."

కిటికీల్లోంచి పడిన తువ్వాళ్ళు ఒకటొకటిగా వెనక్కి పోయాయట. ఊరివాళ్ళు పక్కకు జరిగి, రైలు దిగినవాళ్ళను ముందు ఎక్కనిచ్చి, తర్వాత అడగకుండానే టికెట్టు తీసుకున్నారట. ఆ రోజు ఒక్కడు కూడా మోసం చేయలేదని రమీజా ప్రమాణం చేస్తుంది. ఒకరిద్దరైనా చేసి ఉంటారని నా అనుమానం. కోతలరాయుడని పేరున్న నేనే ఇక్కడ తగ్గించి చెప్పడం విడ్డూరం.

అందరి వెనక, మూట రొమ్ముకు అదుముకుని ఒక ముసలామె నిలబడి ఉంది. ఆ మూట అందుకోవడానికి రమీజా చెయ్యి చాచినప్పుడు, ముసలామె మణికట్టు మీద ఊరంతటా ఒక్కటే ఉన్న తెల్లదారం కనిపించింది. "ఎక్కు అక్కా, నీకోసమే ఉండాము" అని, రమీజా ఆమెను డ్రైవరు వెనక మొదటి సీటులో కూర్చోబెట్టింది. ఆమె ఎవరో, ఎక్కడికి పోతోందో బస్సుకంతా తెలిసిపోయింది. డోన్ పొలిమేరలో బస్టాండుకు తిరగవలసిన చోట, "ఫస్టు వల్లకాటికి పోనీప్పా" అన్నది ప్రయాణికులేనట.

నా కథలు ఐపోయి, మూడోసారి గుత్తి కేక ఎత్తుకున్నప్పుడు హారను వినిపించింది. ఎర్రటి దుమ్ము లేపుకుంటూ నిండు బస్సు వల్లకాటి ముందు ఆగింది. లక్ష్మీదేవమ్మ కూర్చున్నచోటే కళ్ళు మూసుకుని, పొద్దున్నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలింది. సుంకులమ్మకు కళ్ళు తిరుగుతున్నాయి, అయినా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. మూట విప్పి, గంజివాసన పోని కొత్త గుడ్డను తమ్ముడి మీద పరిచి, అంచులు సర్దింది. చెంప మీద చెయ్యి వేసి, "రైలు లేటైంది నాయనా" అంది. అంతే. పొద్దు ఇంకా గుట్ట మీద ఉంది.

బస్సులోవాళ్ళంతా దిగి వరసగా నిలబడ్డారు. ఎండలో నల్లబడిన చేతులు, వాటి మీద వెలిసిన రంగురంగుల దారాలు. మట్టి వేయబోతుండగా రమీజా ముందుకు వచ్చింది. బండి కదిలే ముందు ఆయన నిలబడే తీరున ఎవరూ అక్కడ నిలబడి లేరు, ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. తువ్వాలు భుజాన వేసుకుని, డ్యూటీలో చెప్పినట్టే చెప్పింది.

"దిగినోళ్ళంతా ఎక్కినారు సార్. ఎవురూ మిగల్లేదు."

ఆ తర్వాత కులపెద్ద మొదటి పిడికెడు మట్టి వేశాడు.

మొన్న కొత్త వంతెన మీద రైలు నడిచింది. పెద్దకర్మ ముగించుకుని సుంకులమ్మ అదే రైల్లో, ఎక్కడా దిగి ఎక్కే పని లేకుండా రాజంపేటకు వెళ్ళింది. ఇంతమంది ఇన్ని నెలలు పడిన ప్రయాస తీరింది, అందరమూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. ఆమెను ఎక్కించడానికి ప్లాట్‌ఫారం మీద నిలబడిన నాకు, రైలు కదిలే ముందు ఆ ప్రశ్న నాలుక దాకా వచ్చింది. మైకు ముందు ఏ గొంతునైనా అనుకరించగలను, ఆ ఒక్క గొంతును అనుకరించాలనిపించలేదు. ఆ మహానుభావుడికి చేతులెత్తి నమస్కరించడం తప్ప చేయగలిగింది లేదు. వంతెన లేని ఆ దారిలో అన్ని నెలలూ వేలాదిమందిని ఈ దరి నుంచి ఆ దరికి చేర్చాం. అందరిలోకీ మేము పోగొట్టుకున్నది ఒక్కరినే.